ఆపుకోగలిగినంత మాత్రాన

"మరి ఇందాక గంటసేపు బాగానే కూర్చున్నావుగా, ఇప్పుడేమొచ్చింది?" అని నన్ను ఇంట్లోవాళ్ళు అడిగారు, టీచర్లు అడిగారు, తోటి ఉద్యోగులు అడిగారు, ఆఖరికి ఒకరిద్దరు డాక్టర్లు కూడా అడిగారు. అడిగేవాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశమేమీ ఉండదు. వాళ్ళ లెక్క చాలా సింపుల్. మెడ విదిలింపు లాంటి టిక్స్‌ని కాసేపు ఆపుకోగలిగావంటే అవి నీ చేతిలో ఉన్నట్టే, నీ చేతిలో ఉండీ మళ్ళీ చేస్తున్నావంటే కావాలని చేస్తున్నట్టే, కాదంటే నీకు పట్టుదల చాలనట్టే. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, చాలా ఏళ్ళు నేను కూడా దీనికి జవాబు చెప్పలేక నోరు మూసుకునేవాణ్ణి. ఈ లెక్కలో తప్పెక్కడుందో, ఆటిజం ఉన్న మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ తప్పుకి ఖరీదు ఎందుకు పెరుగుతుందో చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

నాకు ఆటిజం ఉంది. దాంతోపాటు టిక్స్ కూడా ఉన్నాయి. మెడ ఎడమవైపుకి ఒక్క విదిలింపు, కళ్ళు గట్టిగా మూసి తెరవడం, దగ్గుకీ మూలుగుకీ మధ్యరకంగా గొంతులో ఒక చప్పుడు. ప్రస్తుతానికి ఇవీ నా సరుకు. ప్రస్తుతానికి అని ఎందుకంటున్నానంటే టిక్స్ ఒకచోట కుదురుగా ఉండవు. చిన్నప్పుడు ముక్కు ఎగబీల్చేవాణ్ణి, అది పోయి భుజం ఎగరేయడం వచ్చింది, అదీ కొన్నాళ్ళుండి పోయింది. కొన్ని నెలలపాటు దాదాపు ఏమీ ఉండవు, ఇక పోయాయేమోనని నాకే ఆశ పుడుతుంది, తరవాత ఏ కారణమూ లేకుండా, లేదా నాకు కనిపించని ఏదో కారణంతో, మళ్ళీ మొదలవుతాయి. నిద్ర చాలకపోతే ఎక్కువవుతాయి, టెన్షన్‌లో ఎక్కువవుతాయి. సంతోషం పట్టలేనప్పుడు కూడా ఎక్కువవుతాయని చెబితే ఎవరూ నమ్మరు. వాటి గురించి మాట్లాడినా ఎక్కువవుతాయి, కాబట్టి ఈ వ్యాసం రాస్తుంటే మెడ ఏం చేస్తోందో మీరే ఊహించుకోండి.

టిక్ అంటే శరీరంలో ఏదో ఒకటి చెప్పాపెట్టకుండా దానంతటదే ఎగిరిపడడం అని చాలామంది అనుకుంటారు. కొన్ని అలాగే వస్తాయి, వచ్చాకే నాకూ తెలుస్తుంది. కానీ ఎక్కువసార్లు ముందు ఒక బిగువు పుడుతుంది. నాకైతే ఎడమ చెవి కింద మొదలై మెడ పక్కగా భుజం మొదలుదాకా, చర్మానికి లోపల, చేత్తో నొక్కినా అందని లోతులో ఉంటుంది. నొప్పి అనలేను, దురద అనలేను. ఏదో ఇంకా పూర్తవలేదన్న ఫీలింగ్ ఒకటి వచ్చి ఆ చోట కూర్చుంటుంది. మెడ విదిలిస్తే పోతుంది. విదిలింపు సరిగ్గా కుదరకపోతే పోదు, మళ్ళీ విదిలించాలి, కుదిరేదాకా. వైద్యులు దీన్ని ప్రీమానిటరీ అర్జ్ అంటారు, అంటే టిక్‌కి ముందొచ్చే తోపు. మెదడు లోపల బేసల్ గ్యాంగ్లియా అనే భాగాలూ, వాటిని పైపొరతో కలిపే వలయాలూ ఇందులో పాలుపంచుకుంటాయి. ఏ కదలికను వదలాలి, దేన్ని ఆపాలి అని తేల్చేచోటే తేడా వస్తుందన్నమాట.

మరి ఇది నా ఇష్టంతో చేసేదా, ఇష్టం లేకుండా జరిగేదా? మెడ తిప్పేది నేనే, కండరం కదిలించేది నేనే, ఆ క్షణంలో ఒక్కోసారి "సరే కానీ" అని లోపల లొంగిపోయేదీ నేనే. కానీ ఆ బిగువును పిలిచింది నేను కాదు, అది పోవాలంటే ఇదొక్కటే దారి అని పెట్టింది నేను కాదు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఒకసారి ఆపుకుంటాం, రెండోసారీ ఆపుకోవచ్చు, అంతమాత్రాన తుమ్ములన్నీ మన నిర్ణయాలని ఎవరూ అనరు కదా. టిక్ ఆపుకోగలగడం అంటే దాన్ని వాయిదా వెయ్యగలగడం. ఎంతసేపు అన్నది మనిషిని బట్టి, రోజును బట్టి, ఆ రోజు అప్పటికే ఎంత ఖర్చైందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ "కావాలని చేస్తున్నాడు" అన్న మాటకి పెద్దల ఆశీస్సులు చాలాకాలం ఉన్నాయి. 1825లోనే ఇటార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి కదలికలూ అరుపులూ ఉన్న ఒక గొప్పింటి స్త్రీ గురించి రాశాడు. 1885లో జార్జ్ జీల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల గురించి రాస్తే, ఆయన గురువు షార్కో ఆ జబ్బుకి శిష్యుడి పేరు పెట్టాడు. అప్పట్లో దాన్ని నాడీ సంబంధమైనదిగానే చూశారు. తరవాత మనోవిశ్లేషణ వాళ్ళు వచ్చారు. 1921లో ఫెరెంసీ టిక్స్‌ని అణచిపెట్టిన లైంగిక కోరికలకి ముడిపెట్టాడు. అలా దశాబ్దాలపాటు టిక్ అనేది శరీరం చెప్పే రహస్యం, తల్లిదండ్రుల పెంపకంలో లోపం, మనసులో ముడి అయిపోయింది. 1960ల్లో హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గడం చూశాక, 1968లో షపీరో దంపతులు ఇది మెదడుకి సంబంధించిందని గట్టిగా వాదించారు. ఆటిజం కథ కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది. కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 1943లో ఆటిజం గురించి రాసిన తరవాత రెండు దశాబ్దాలకు పైగా తల్లుల మనసులు చల్లగా ఉండడం వల్లే పిల్లలు ఇలా అయ్యారని చెప్పారు, బెటెల్‌హైమ్ లాంటివాళ్ళు దాన్ని 1960ల్లో ఊరూరా మోగించారు. రెండు వేరువేరు సంగతులకి ఒకటే నింద. ఆ సిద్ధాంతాలు పుస్తకాల్లోంచి పోయాయి గానీ, బంధువుల నోళ్ళలోంచి పోలేదు. మా అమ్మని "వాణ్ణి మరీ గారాబం చేశావు" అన్నవాళ్ళూ ఉన్నారు, "వాణ్ణి మరీ కట్టడి చేశావు" అన్నవాళ్ళూ ఉన్నారు, ఒక్కోసారి ఒకే మనిషి రెండూ అన్నారు.

ఇక బూతుల సంగతి. టూరెట్ అనగానే బూతులు అరిచే మనిషే అందరి కళ్ళముందుకీ వస్తాడు. కొందరికి నిజంగానే అలా వస్తుంది, పది పదిహేను శాతం మందికి అని చెబుతారు, వాళ్ళు పడే అవస్థ నవ్వులాటకాదు. మిగతావాళ్ళకి అది ఉండనే ఉండదు. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5, అంటే అమెరికా మనోవైద్యుల రోగ నిర్ధారణ పుస్తకం, ప్రకారం టూరెట్ అనడానికి కావలసింది ఒకటికన్నా ఎక్కువ కదలిక టిక్స్, కనీసం ఒక శబ్ద టిక్, ఏడాదికి పైగా ఉండడం, 18 ఏళ్ళలోపే మొదలవడం. అందులో బూతు ప్రసక్తే లేదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలై, పది పన్నెండేళ్ళప్పుడు బాగా ముదిరి, యౌవనంలో చాలామందికి తగ్గుతాయి. కొందరికి తగ్గవు, నేను ఆ కొందరిలో వాణ్ణి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆపుకోవడానికి ఖర్చెంత?

ఒక మీటింగు తీసుకోండి. గుండ్రటి బల్ల, నెత్తిమీద ట్యూబులైట్ల జుమ్మనే మోత, పక్కమనిషి పెర్ఫ్యూమ్, ఇద్దరు ఒకేసారి మాట్లాడడం. ఆటిజం ఉన్న నాకు ఇదే ఒక పెద్ద పని. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళవైపు చూడాలి, మరీ తదేకంగా చూడకూడదు, ముఖంలో శ్రద్ధ కనపడాలి, నా వంతు వచ్చిందో లేదో కనిపెట్టాలి. మీకు అప్రయత్నంగా జరిగిపోయేవన్నీ నేను లోపల కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో నడపాలి. దీన్ని మాస్కింగ్ అంటారు. దానిమీద టిక్స్ ఆపుకోవడం ఇంకొకటి. చెవి కింద బిగువు పుడుతుంది, దవడ బిగించి పళ్ళు నొక్కిపెడతాను, అది పోదు, పెరుగుతుంది, ఇంకొకటి దానిమీద చేరుతుంది, ఇప్పుడు కళ్ళు కూడా అడుగుతున్నాయి. నీళ్ళు తాగే వంకతో తల పక్కకి తిప్పి ఒకటి దొంగతనంగా కానిచ్చేస్తాను. పెన్ను కింద పడేసి, తీసే నెపంతో బల్లకింద ఇంకొకటి. బయటికి చూస్తే బుద్ధిగా కూర్చున్న మనిషి. లోపల ఒక్క మాట ఎక్కలేదు. మీటింగ్ అయ్యాక "ఏమంటావు?" అని అడిగితే నా దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే ఆ గంటా నేను చేసిన ఉద్యోగం కదలకుండా ఉండడం.

ఆ తరవాత తలుపు వేసుకోగలిగే చోటు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోతాను. మెడ, కళ్ళు, గొంతు అన్నీ వరసపెట్టి బాకీ వసూలు చేసుకుంటాయి. అది అయ్యాక కూడా తేరుకోను, చాలాసార్లు సాయంత్రానికి మాట కూడా రాదు, లైటు పడదు, ఎవరైనా ప్రేమగా పలకరించినా తట్టుకోలేను. ఇంట్లోవాళ్ళకి కనపడేది ఈ సాయంత్రం మనిషే. ఆఫీసువాళ్ళకి కనపడేది ఆ బుద్ధిమంతుడు. ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే "బయట బాగానే ఉంటాడు, ఇంట్లోనే ఇలా" అని తేలుస్తారు.

ఇక్కడ ఎదుటిపక్షం వాదన ఒకటుంది, దాన్ని దాచను. ఆపుకుంటే తరవాత టిక్స్ మరీ ఎక్కువవుతాయా అని ప్రయోగశాలల్లో చూశారు. పిల్లల్ని కూర్చోబెట్టి, టిక్ రాకుండా గడిచిన ప్రతి కొద్ది సెకన్లకీ ఒక టోకెన్ ఇచ్చి, తరవాత లెక్కపెట్టారు. ఆపుకున్నాక మామూలు స్థాయికన్నా పైకి ఎగిసినట్టు కనపడలేదు. ఆ ఫలితాన్ని నేను కొట్టిపారెయ్యను, పైగా టిక్స్ ఆపితే పిల్లాడు పేలిపోతాడని భయపడే తల్లిదండ్రులకి అది మంచి కబురు కూడా. కానీ అక్కడ లెక్కపెట్టింది టిక్స్‌ని. ఆ కాసేపట్లో ఎంత వినలేకపోయారు, ఎంత అలిసిపోయారు, తరవాత ఆ రోజు ఎలా గడిచింది అన్నది టిక్స్ లెక్కలో రాదు. పైగా గదిలో ఒక్కడే కూర్చుని కొన్ని నిమిషాలు ఆపుకోవడం వేరు, ముఖాలూ మోతలూ ఉన్న గదిలో పూటంతా ఆపుకోవడం వేరు. నేను వాదిస్తున్నది టిక్స్ తిరగబెడతాయని కాదు. నా బుర్రలో ఉన్న కాస్త శ్రద్ధనీ దేనిమీద ఖర్చుపెట్టాలో మీరు నిర్ణయించకండి అని.

ఆటిజం, టిక్స్ కలిసి ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు, రెండోది మొదటిదాంట్లో మునిగిపోవడం. ఆటిజం నిర్ధారణకి చూసే లక్షణాల్లో చేసిందే చేసే కదలికలు కూడా ఉంటాయి. ఒకసారి ఆ ముద్ర పడ్డాక, మీరు ఏం కదిపినా అది ఆ ఖాతాలోకే. నేను మెడనొప్పి అని వెళితే, "ఆటిజంలో ఇలాంటివి మామూలేనండీ, అది ఆయనకి హాయినిస్తుంది, చెయ్యనివ్వండి" అని నాతో వచ్చిన అమ్మకి చెప్పి పంపించారు. నాతో కాదు, అమ్మతో. నాకప్పటికి ఉద్యోగం కూడా ఉంది.

నాకు హాయినిచ్చేవి ఉన్నాయి, వాటి సంగతి నాకు బాగా తెలుసు. బొటనవేలితో చూపుడువేలి అంచు రాసుకుంటూ ఉంటాను, కూర్చున్నప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతాను. స్టిమ్మింగ్ అంటారు వీటిని. వాటికి ఒక లయ ఉంటుంది, ఎంతసేపైనా సాగుతాయి, ఊహ తెలియకముందు నుంచీ ఉన్నాయి, ఏళ్ళ తరబడి మారలేదు. మనసు చెదిరినప్పుడు అవి నన్ను కూడగడతాయి. మెడ విదిలింపులో లయ లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు, నేను హాయిగా ఊగుతుండగా మధ్యలో వచ్చి ఆ ఊపుని చెడగొడుతుంది కూడా. ఒకటి నేను వెళ్ళి కూర్చునే చోటు, రెండోది నన్ను అక్కణ్ణించి లేపేసేది. బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ "వింత కదలికలే" కావచ్చు. కానీ ఒకదాన్ని ఆపితే నాకు నష్టం, ఇంకోదానికి వైద్యం చెయ్యకపోతే నష్టం. మెడ టిక్స్ గట్టిగా, ఏళ్ళ తరబడి ఉంటే వెన్నుపూస దగ్గర నరాలు దెబ్బతిన్న కేసులు అరుదుగానైనా వైద్య పత్రికల్లో ఉన్నాయి, ఇది హాయి అని వదిలేసే విషయం కాదు.

అన్నీ ఇంత శుభ్రంగా విడిపోతాయని మాత్రం చెప్పను. ఎక్కడో విన్న మాట ఒకటి పట్టుకుని నాలో నేను పదేపదే అనుకుంటుంటాను, అది ఆటిజంలో ఉండే ఎకోలేలియానా (విన్నమాటే తిరిగి పలకడం), శబ్ద టిక్కా, రెండూనా? విదిలింపు ‘సరిగ్గా’ కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యడం టిక్కా, చేసిందే చెయ్యకపోతే మనసు ఊరుకోని ఓసీడీ వైపు వెళుతోందా? ఒకే మనిషిలో ఇవన్నీ తరచుగా కలిసే ఉంటాయి, శ్రద్ధ నిలవని, కుదురు లేని ఏడీహెచ్‌డీతో సహా. వీటికి గీతలు గీయడానికి బయటి చూపు చాలదు, లోపల ఎలా ఉందో ఆ మనిషిని అడగాలి. అడగడం అన్నది పెద్ద టెక్నాలజీ కాదు.

మూడో చిక్కు నాకే నవ్వు తెప్పిస్తుంది. నాకు చప్పుళ్ళు పడవు. ఆకస్మికంగా, దగ్గర్లో, ఒకే రకంగా వచ్చే చప్పుళ్ళు అసలు పడవు. నా గొంతు టిక్ సరిగ్గా అలాంటి చప్పుడే. పుర్రె లోపల్నుంచి వస్తుంది కాబట్టి చెవులు మూసుకుంటే ఇంకా గట్టిగా వినపడుతుంది. ఆ చప్పుడుకి నాకే చిరాకు పెరుగుతుంది, చిరాకుకి టిక్ పెరుగుతుంది, టిక్‌కి చప్పుడు పెరుగుతుంది. బయటి మోత ఆపడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మెడ విదిలింపుకి అవి జారి చెవి పైకెక్కుతాయి, సరిచేస్తాను, మళ్ళీ జారతాయి. కొన్నాళ్ళకి ఆ బరువు, ఆ జారుడే కొత్త టిక్‌కి సాకైంది, ఇప్పుడు చెవిలో దూర్చుకునే చిన్నవి వాడుతున్నాను.

ఒకప్పుడు నేను పనిచేసిన గదిలో ఇంకొకావిడకి కూడా చప్పుళ్ళు పడవు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు నా దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి, మీ గొంతు చప్పుడు నాకు చెవుల్లో గుచ్చుకుంటోందండీ" అన్నారు. "నాకూ గుచ్చుకుంటోందండీ" అన్నాను. ఇద్దరం కాసేపు ఏమనాలో తెలియక నిలబడ్డాం. ఇలాంటి చోట ఎవరిది న్యాయం? ఆవిడ బాధ నిజం, నా చప్పుడు నిజం. ఆవిడని ఓర్చుకోమనడం ఎంత అన్యాయమో నన్ను మింగెయ్యమనడం అంతే అన్యాయం. కుర్చీ గది ఆ చివరికి మార్చుకున్నాను, మధ్యలో అల్మారా వచ్చింది, దాంతో తొంభై పాళ్ళు తీరింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "మరి పక్కవాళ్ళ ఇబ్బంది సంగతేంటి?" అన్న ప్రశ్నకి జవాబు దాదాపు ఎప్పుడూ దూరం, గోడ, వేరే గది, వేరే సమయం రూపంలోనే ఉంటుంది. పరీక్ష రాసే పిల్లాడికి వేరే గది ఇస్తే వాడూ రాసుకుంటాడు, మిగతావాళ్ళూ రాసుకుంటారు. ఇవేవీ ఆలోచించకుండా మొట్టమొదట దొరికే పరిష్కారం "కాస్త ఆపుకో" అయినప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. అది పరిష్కారం కూడా కాదు, ఖర్చంతా ఒకడి మీదికి తోసెయ్యడం.

చుట్టూ ఉన్నవాళ్ళు చెయ్యగలిగింది నిజానికి చాలా తక్కువ. చూసీ చూడనట్టు ఉండండి, చాలు. ఉలిక్కిపడి ముఖం తిప్పుకోవడం వద్దు, ప్రతిసారీ "పర్లేదు పర్లేదు" అనడం అంతకన్నా వద్దు. పర్లేదంటే నాకు మళ్ళీ గుర్తొస్తుంది, గుర్తొస్తే మళ్ళీ వస్తుంది. కొత్తచోట నేనే ముందు చెప్పేస్తాను, "నాకు టిక్స్ ఉన్నాయి, మెడ కదులుతుంది, గొంతు చప్పుడు చేస్తుంది, మీ మాటలకి దానికీ సంబంధం లేదు" అని. ఆ చివరి ముక్క ముఖ్యం. ఎదుటివాళ్ళు సీరియస్‌గా ఏదో చెబుతున్నప్పుడు నేను కళ్ళు గట్టిగా మూస్తే విసుక్కుంటున్నాననుకుంటారు. ఆటిజం వల్ల నా ముఖంలో భావాలు మామూలుగానే ఆలస్యంగా పలుకుతాయి, దానిమీద ఒక టిక్ పడిందంటే ఇక నా ఉద్దేశం వాళ్ళు రాసుకున్నదే.

"ఇదంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నది" అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. 2020, 2021 ప్రాంతంలో చాలా దేశాల్లో టీనేజి పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, టిక్స్ లాంటివి ఉన్నట్టుండి తీవ్రంగా మొదలవడం డాక్టర్లు చూశారు. చిన్నవయసులో మెల్లగా మొదలయ్యే టూరెట్‌కి భిన్నంగా ఉండేసరికి వాటికి ఫంక్షనల్, అంటే మెదడు పనితీరులో తేడా వల్ల వచ్చేవి, అని పేరు పెట్టారు, చికిత్స కూడా వేరేగా ఉంటుంది. నటన అని మాత్రం అనలేదు. ఆ పిల్లలూ బాధపడ్డారు. ఆ ముక్క వదిలేసి సగం వార్త పట్టుకుని నాలాంటి ముదురు కేసుని కూడా అనుమానించడం ఎంత తేలికో. నాకు ముక్కు ఎగబీల్చే టిక్ వచ్చేనాటికి ఇంట్లో ఉన్న ఫోన్‌కి తీగ ఉండేది.

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఎవరి మందు వాళ్ళ డాక్టరు చెప్పాలి. అరిపిప్రజోల్ అనే మందుని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకుకి 2009లో, టూరెట్‌కి 2014లో అనుమతించింది. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ లాంటివీ వాడతారు. ఇవి టిక్స్‌ని తగ్గిస్తాయి, మాయం చెయ్యవు. నేను వాడినదానికి మెడ నెమ్మదించింది, కానీ పగలంతా మత్తుగా ఉండి ఆలోచన నడవలేదు, డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించుకుంటూ మానేశాను. మీకు వేరేలా ఉండవచ్చు.

మందు లేని దారి కూడా ఒకటుంది. 1973లో ఏజ్రిన్, నన్ అనే ఇద్దరు మొదలుపెట్టిన అలవాటు మళ్ళింపు పద్ధతిని పెంచి సీబిట్ అనే చికిత్స చేశారు. బిగువు వచ్చిన క్షణం పసిగట్టాలి, టిక్‌తో పొసగని ఇంకో కదలిక చేసి, బిగువు దిగేదాకా పట్టి ఉంచాలి. ఏ పరిస్థితుల్లో టిక్స్ పెరుగుతున్నాయో చూసి వాటిని మార్చుకోవడం కూడా ఇందులో భాగమే. 2010లో 126 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో సీబిట్ తీసుకున్నవాళ్ళలో 52.5 శాతం మంది బాగా మెరుగయ్యారు, మామూలు కౌన్సెలింగ్‌లో 18.5 శాతం. పెద్దవాళ్ళ మీద 2012లో చేసినదాంట్లో సీబిట్‌తో 38 శాతం, కౌన్సెలింగ్‌తో 6 శాతం. చిన్న తేడా కాదు.

నాకు మొదట్లో దీనిమీద మంట. చిన్నప్పుడు "చేతులు కింద పెట్టు, కదలకు" అని ఆటిజం పిల్లలకి ఇచ్చే శిక్షణ రుచి చూసినవాణ్ణి కాబట్టి, ఇది కూడా కొత్త డ్రస్సు వేసుకున్న అదే చాకిరీ అనుకున్నాను. కొంత తేడా ఉంది, ఇందులో అణచిపెట్టుకుని కూర్చోమనరు. కానీ ఆటిజం ఉన్నవాడికి మొదటి మెట్టుమీదే కాలు జారుతుంది. బిగువుని ముందే పసిగట్టమంటారు. నాకు ఆకలేస్తోందని తల తిరిగితే గానీ తెలియదు, జ్వరమొచ్చిందని ఎవరో ముట్టుకుని చెబితే గానీ తెలియదు. ఒళ్ళు లోపల్నుంచి పంపే కబుర్లు నాలాంటి చాలామందికి ఆలస్యంగానో, అస్పష్టంగానో, ఒకదానితో ఒకటి కలిసిపోయో అందుతాయి. నేను పైన చెప్పిన ‘చెవి కింద బిగువు’ నాకు పుట్టుకతో తెలిసింది కాదు. అద్దం ముందు కూర్చుని, వీడియో తీసుకుని, చూసి, వెనక్కి లెక్కగట్టి, ఈ విదిలింపుకి ముందు ఏముంది అని వెతికి వెతికి దొరకబుచ్చుకున్నది. థెరపిస్టు ఓపికమంతురాలు, మామూలుగా ఒకటి రెండు సిట్టింగుల్లో దాటిపోయే మెట్టు దగ్గర నాతోపాటు చాలాకాలం నిలబడ్డారు. అందరికీ అలాంటివాళ్ళు దొరకరు, అప్పుడు "పేషెంటు సహకరించడం లేదు" అని రాసేస్తారు. మరోపక్క, మెట్టు దాటాక నాకు ఆటిజం కలిసొచ్చింది. ఫలానా టైముకి ఫలానా విధంగా సాధన చెయ్యాలంటే నేను నూటికి నూరుపాళ్ళు చేస్తాను, నియమం అంటే నాకు ప్రాణం.

ఆ చికిత్స మొదట్లో టిక్స్ అన్నీ ఒక కాగితం మీద రాసి, మిమ్మల్ని ఏది ఎక్కువ బాధిస్తోందో మార్కులు వెయ్యమంటారు. నేను మెడని పైన పెట్టాను, కళ్ళు దాని కింద, గొంతు అట్టడుగున. ఆవిడ కాగితం చూసి, "అందరికీ వినపడేది గొంతే కదండీ, దాంతో మొదలుపెడదామా?" అన్నారు. అందరికీ వినపడుతుంది, చెవుల్లో గుచ్చుకుంటుంది కూడా, కానీ నొప్పి పుట్టించేది మెడే అన్నాను. ఆవిడ ఇంకేం అడగకుండా పెన్ను తీసి మెడ చుట్టూ సున్నా చుట్టారు. గడ్డం కొద్దిగా కిందికి దించి, మెడ కండరాలు మెత్తగా బిగించి, ఊపిరి వదులుతూ బిగువు దిగేదాకా ఉండడం, ఇదీ నా కొత్త కదలిక. చూసేవాళ్ళకి ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. కొన్నిసార్లు పనిచేస్తుంది, నిద్ర లేని రోజు పనిచెయ్యదు, మీటింగుల్లో అసలు ప్రయత్నించను, అక్కడ వినాల్సిన పని ఉంటుంది. మెడనొప్పి మాత్రం బాగా తగ్గింది. గొంతు దగ్గరికి ఇంకా రాలేదు, మెడ తరవాతి వరస కళ్ళది.